గాజుల పేజీ మీద యాదమ్మ మొహం

ముందుగాల ఒట్టు

కింద రాసిందంత నిజం. ఒక్క మాట అబద్ధమున్నా, పురానాపూల్ కాడ మస్తు రద్దీ ఉన్న టైముల నా స్కూటర్ ఆగిపోయి, ఎనక ఉన్న ఆటోలోళ్ళందరు హారన్ కొట్టుకుంట నా ఏడు తరాలను తిట్టాలె. పాతబస్తీల తిరిగి బతికినోడు దీనికంటె పెద్ద ఒట్టు పెట్టలేడు.

నా భార్య ఈ ముక్క చదివి, "స్కూటర్ అమ్మి రెండేండ్లాయె గద" అన్నది. అది వేరే సంగతి.

నాకు యాభై నాలుగు. ఈ వయసుకు రిటైర్ అయిన అంటే నవ్వుతరు. నిజానికి మోకాళ్ళు ముందు రిటైరైనయి, వాటి ఎనక నేను పోయిన. రెండో అంతస్తుల ఆఫీసు, లిఫ్ట్ లేదు, దినమంత గల్లీలు తిరుగుడు. ఇప్పుడు మా ఆఫీసుల కొత్తగ చేరుతున్న పోరగాండ్లు ఫోన్ చేసి "సార్, ఈ పనిల అసలు ఏం చెయ్యాలె" అని అడుగుతున్నరు. ట్రైనింగుల చెప్పేది చెప్తరు. చెప్పనిది నేను రాస్త.

అసలు పని ఏంది

అఫ్జల్‌గంజ్‌ల ప్లాస్టిక్ బకెట్ల దుకాణం మీద మా ఆఫీసు. సముద్రం అవతల ఒక వెబ్‌సైట్ ఉంటది. అండ్ల మన గల్లీలల్ల చిన్న చిన్న ధంధాలు చేసుకునేటోళ్ళ ఫొటోలు, వాళ్ళ కథలు పెడుతరు. ఏ దేశంలనో ఉన్న మనిషి, ఇంట్ల సోఫ మీద కూసోని ఆ పేజీ చూసి, మనసుకు నచ్చితే ఇంత అప్పిస్తడు. దానం కాదు, అప్పు. ఒక్కొక్కరు ఇచ్చేది తక్కువనే. అట్ల పది మంది, ఇరవై మంది కలిస్తె ఒక కుట్టు మిషన్ వస్తది, ఒక బజ్జీల బండి వస్తది. తీసుకున్నోళ్ళు నెలనెల కడితే వాళ్ళది వాళ్ళకు తిరిగి పోతది. ముప్పై రోజులల్ల పేజీ నిండకపోతే మాత్రం బంద్.

అవతలోళ్ళు వడ్డీ తీసుకోరు. మా ఆఫీసు తీసుకుంటది, కరెంటు బిల్లు, నా జీతం ఎల్లాలె గద. ఈ సంగతి మా కాయితాల్ల చిన్న అక్షరాల్ల ఉండేది. మీరు మాత్రం నోటితోని పెద్దగ చెప్పున్రి. గల్లీల జనం చిన్న అక్షరాలను మాఫ్ చెయ్యరు.

నా పోస్టు పేరు ఫీల్డ్ ఆఫీసర్. నేను చేసిన పని మాత్రం ఫొటోలు దించుడు, కథలు రాసుడు. చిన్నప్పటి సంది నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు లేదు. అసొంటోనికి కథలు రాసే నౌకరి ఇచ్చుడంటె, పిల్లికి పాలు కాయమని చెప్పినట్టు.

బస్సు వదిలేసినోడు

మొదటి ఏడాది సంగతి. అఫ్జల్‌గంజ్ బస్టాపు కాడ నర్సింగ్ అని ఒకాయన మిర్చి బజ్జీలు ఏసేటోడు. మాట్లాడుమంటె మాట్లాడడు. "ఎప్పటి సంది ఏస్తున్నవ్?" అంటె "శాన ఏండ్లు" అంటడు. "అప్పు ఎందుకు?" అంటె "బండికి" అంటడు. ఈ రెండు మాటలతోని పేజీ ఎట్ల నింపాలె? అందుకని, నర్సింగ్ బజ్జీల వాసనకు జనం ఎక్కిన బస్సు దిగి వస్తరని రాసిన. పేజీ నాలుగు రోజులల్ల నిండింది. అప్పిచ్చినోళ్ళల్ల ఒక పెద్దమనిషి, "బస్సు వదిలేసినవాళ్ళు తర్వాత ఇంటికి ఎట్లా వెళ్ళారు?" అని పరేషానై ప్రశ్న పంపిండు.

ఆ ప్రశ్న మా మేనేజర్ సుజాత మేడం చేతికి వచ్చింది. మేడం గోదావరి దిక్కు నుంచి వచ్చింది, కోపం వస్తె గొంతు ఇంక మెత్తగైతది.

"భాస్కర్ గారు, బస్సు దిగి వచ్చినవాళ్ళు ఎంతమంది?"

"ఒక్కరు మేడం."

"ఎవరు?"

"నేనే."

మేడం తల కిందికి వంచుకున్నది. నవ్వుతుందని నాకు తెల్సు, నవ్వుతున్నట్టు నాకు తెల్వొద్దని ఆమె తిప్పలు. ఆ రోజు ఒక రూల్ పెట్టింది. ఎవరి గురించి రాస్తె, వాళ్ళకు వాళ్ళ భాషల ఆ పేజీ చదివి వినిపించాలె. వాళ్ళు ఊకుంటె పంపాలె, సిగ్గుపడితె కొట్టెయ్యాలె. నేను ఇన్నేండ్లల్ల చూసిన రూల్స్‌ల ఇది ఒక్కటే పనికొచ్చేది. దీన్ని నేను ఒక్కసారి తప్పిన. ఆ ఒక్కసారి గురించే ఇదంత.

ఇంకో మాట ఇక్కడనే చెప్త. ఒక దర్జీ కొత్త మిషన్ కోసమని అప్పు తీసుకోని, ఆ పైసలు చెల్లె ఆపరేషన్‌కు పెట్టిండు. నేను పోయి అరగంట లెక్చర్ ఇచ్చిన. ఆయన పాత మిషన్ మీదనే కుట్టుకుంట, తల ఎత్తకుంట విన్నడు. చివరికి "మీ చెల్లె అయితె మిషన్ కొంటుంటివా భాయ్?" అన్నడు. ఆ అప్పు కట్టిండు, మూడు నెలలు ఆలస్యంగ. మనం రాసిన కథ ప్రకారం జనం బతకరు. బతకలేదని వాళ్ళ మీద కోపం చేసుకునే హక్కు మనకు లేదు.

రజియా ఆపా

గాజుల బజారు ఎనక గల్లీల రజియా లక్క గాజులు చేస్తది. వయసుల నాకంటె చిన్నదే, కని ఆ గల్లీల అందరు ఆపా అంటరు, నేను గట్లనే అన్న. బొగ్గుల పొయ్యి మీద లక్కను మెత్తబడనిచ్చి, సాగదీసి, గుండ్రంగ తిప్పి, చల్లారక ముందే పట్కారసొంటి చిన్న చిమట పట్టుకోని ఒక్కొక్క రాయి అద్దుతది. చూస్తుంటె, మాట్లాడుకుంట మాట్లాడుకుంటనే గాజు తయారై పక్కకు పోయేది.

అప్పటిదాక ఆమె ఒక సేటు కింద చేసేది. లక్క సేటుది, రాళ్ళు సేటువి, పేరు సేటుది, ఏలు కాలితె మాత్రం రజియాది. ఆ ఏడు రంజాన్‌కు తన లక్క తను కొనుక్కోని, తన గాజులు తనే అమ్ముకోవాలని ఆమె అప్పు అడిగింది. నేను ఉషారుగ ఫోన్ తీసిన. ఆమె దుపట్ట మొహం మీదికి లాక్కున్నది.

"నా గాజులు దునియంత చూడనీ భాస్కర్ భాయ్. నన్ను చూసి ఏం జేస్తరు?"

"ఆపా, మొహం లేకుంటె వెబ్‌సైటోళ్ళు ఒప్పుకోరు."

"మొహం చూసి అప్పిచ్చేటోళ్ళు ఈ గల్లీల కూడ ఉన్నరు. వాళ్ళ దగ్గరికి పోవద్దనే గద మీ దగ్గరికొచ్చిన."

చేతుల ఫొటో దించి పంపిన, తిప్పి పంపిన్రు. ఎనక దిక్కు నుంచి దించి పంపిన, తిప్పి పంపిన్రు. వాళ్ళ మీద కోపం లేదు నాకు. మొహం లేని పేజీలు పెట్టి మోసం చేసినోళ్ళు వేరే కాడ ఉంటిరట, అందుకని ఆ రూల్. అటు రజియా మాట నిజం, ఇటు వాళ్ళ భయం నిజం. రంజాన్ దగ్గరికొస్తున్నది. లక్క ఇప్పుడు కొంటెనే పండుగకు గాజులైతయి.

ఆ పొద్దు రజియా ఇంటి ముంగట గద్దె మీద కూసోని ఉన్న. ఆపా లోపల చాయ్ పెడుతున్నది. అప్పుడే యాదమ్మ వచ్చింది. పురానాపూల్ కాడ ఆమెకు రెండు బర్లు. ఆ గల్లీల సగం ఇండ్లకు ఆమెనే పాలు పోస్తది. నాకంటె నాలుగేండ్లు పెద్దది, నన్ను తమ్మీ అంటది. నవ్విందంటె ముక్కుపుల్ల సుత నవ్వినట్టు కనబడుతది.

"ఏంది తమ్మీ, మాడిపోయిన రొట్టె తీర్గ కూసున్నవ్?"

సంగతి చెప్పిన. యాదమ్మ క్యాన్ కింద పెట్టింది.

"గింతేనా? నా మొహం తీస్కో. ఊకెనే ఉన్నది గద. ఈ మొహం చూసి మా బర్రె పాలిస్తది, అమెరికోళ్ళు పైసలియ్యరా?"

గాజుల పెట్టె ముంగట కూసున్నది. చిమట చేతికిచ్చిన. పెంక మీదికెళ్ళి రొట్టె తీసినట్టు పట్టుకున్నది. ఫొటో దించిన. ఆ ఫొటో కింద రజియా పేరు, రజియా కథ. చాయ్ తీసుకోని బయటికొచ్చిన రజియాకు, యాదమ్మక్క ఒప్పుకున్నదని చెప్పిన. ఆమెకు మనసుల పట్టలే, కని యాదమ్మ చెయ్యి పట్టుకోని, "నీ మేలు మర్చిపోను అక్కా" అన్నది. యాదమ్మ "పాలు చల్లారుతున్నయ్" అని ఎల్లిపోయింది.

పేజీ ఒకటిన్నర రోజుల నిండింది. నా కథకు కాదు, ఆ నవ్వుకు.

రంజాన్ నెలంత రజియా గల్లీ మొదట్ల బల్ల ఏసుకోని తన గాజులు తనే అమ్మింది. పాత సేటు వచ్చి ధర తగ్గియ్యమని అడిగితె, "సేట్ సాబ్, మీరే నేర్పిన్రు గద, పండుగ ముంగట ధర తగ్గియ్యొద్దని" అన్నదట. ఆయన ఆరు జతలు కొని పోయిండు. అప్పు ఒక్క నెల తప్పకుంట కట్టింది.

ఒక మొహం, రెండు పేర్లు

ఏడాది తిరగక ముందే యాదమ్మ బర్లల్ల ఒకటి సచ్చిపోయింది. పాలు సగమైనయి. ఇండ్లకు పోసేటామెకు పాలు సగమైతె ఏమైతదో సేట్లకు తెల్వదు. సగం ఇండ్లు ప్యాకెట్ పాలకు మరుగుతయి. ఒకసారి మరిగిన ఇల్లు మళ్ళ తలుపు తియ్యదు. ముప్పై ఏండ్ల సంది నిలబెట్టుకున్న గిరాకి, రెండు నెలలల్ల పోతది. అప్పటికే మూడు ఇండ్లు పోయినయి. యాదమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

"బర్రె కావాలె తమ్మీ. జల్ది కావాలె."

ఫొటో దించిన. నిజమైన పేరు రాసిన, నిజమైన కథ రాసిన. పాత ఫొటో యాదికి లేకుండెనా అని మీరడుగుతరు. ఉండె. ఏడాది కింది ఫొటో, వేల పేజీలు, ఎవరు పోలుస్తరు లే అనుకున్న.

పోల్చింది ఒక ముసలామె. గాజులకు అప్పిచ్చినామె, ఆ నవ్వు మర్చిపోలే. మస్తు ప్రేమతోని రాసింది: "మన రజియా ఇప్పుడు బర్రె కూడా కొంటున్నందుకు చాలా సంతోషం. కానీ పేరు ఎందుకు మార్చుకుంది? ఆమెకు ఏదైనా ఆపదా?"

మరునాటికి యాదమ్మ పేజీ ఆగిపోయింది. సుజాత మేడం పిలిచింది. బల్ల మీద రెండు ఫొటోలు.

"భాస్కర్ గారు, ఈమె ఎవరు?"

"యాదమ్మ, మేడం."

"మరి ఈమె?"

"ఈమె కూడ యాదమ్మనే."

"రజియా ఎక్కడ?"

"ఫొటోల లేదు మేడం. లోపల చాయ్ పెడుతుండె."

ఈసారి మేడం తల వంచలే. అద్దాలు తీసి, తుడిచి, మళ్ళ పెట్టుకున్నది. "మీ కథలకు నేను నవ్వుకున్నాను. అందుకే ఇక్కడిదాకా వచ్చింది. మీది తప్పు, అలుసు ఇచ్చింది నేను" అన్నది. నన్ను ఎంతమంది బాస్‌లు తిట్టిన్రో లెక్క లేదు. తప్పుల తనకు వాటా రాసుకున్నది ఈమె ఒక్కతే. ఆ మాట మంట ఇప్పటిదాక తగ్గలే.

వీడియో కాల్

వెబ్‌సైట్ తరఫున బెంగళూరుల ఒక అమ్మాయి ఉంటది. తెలుగు పిల్లనే. ఇద్దరు ఆడోళ్ళను కూసోబెట్టి మాట్లాడాలె అన్నది. కాల్‌కు ముందు మేడం, వెబ్‌సైటోళ్ళ రూల్ ఏందో అందరికి ఇప్పి చెప్పింది. తెలిసి వేరే వాళ్ళ పేజీకి మొహమిస్తె, ఆ మనిషికి ఏడాది దాక అప్పు బంద్. తెల్వకుండ ఇరికిస్తె ఆ మనిషికి మాఫీ, ఇరికించినోని నౌకరి పోతది.

రజియా బుర్ఖాల వచ్చింది, యాదమ్మ పాల క్యాన్‌తోని వచ్చింది. ముగ్గురం ఒకే కంప్యూటర్ ముంగట ఒదిగి కూసున్నం.

రజియా ముందు మాట్లాడింది. "గాజులు నావి. అప్పు నేను తీస్కున్న, నేనే కట్టిన. యాదమ్మక్కది మొహమొక్కటే. శిక్ష ఉంటె నాకెయ్యున్రి."

ఆ పిల్ల మర్యాదగనే అడిగింది. "యాదమ్మగారూ, ఆ రోజు ఫొటో దేనికి తీస్తున్నారో మీకు ముందే తెలుసా?"

"తెల్సు బిడ్డా" అన్నది యాదమ్మ. "నేనే తియ్యమన్న."

"ఆలోచించుకుని చెప్పండమ్మా."

"ఆలోచించేదేముంది? పాలు పోసి పోసి బోర్ కొట్టింది. ఒక్క దినం గాజులామె అయిన."

ఆ పిల్లకు నవ్వొచ్చింది, కని రూల్ రూలే. యాదమ్మ పేజీ ఏడాది బంద్. నాకు హెచ్చరిక కాయితం. అప్పు తీర్చింది కాబట్టి రజియాకు ఏం కాలే. యాదమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది, రూల్ ప్రకారం నడిచింది, ఎవరిని ఏమనేటట్టు లేదు.

బర్రె ఎట్లొచ్చింది

మూడో రోజు రజియా పురానాపూల్‌ల యాదమ్మ ఇల్లు ఎతుక్కుంట పోయింది. చేతుల బిస్కెట్ల డబ్బా. అండ్ల రంజాన్‌ల మిగిలింది, వచ్చే ఏడు లక్కకని దాచుకున్నది. నేను అక్కడనే ఉన్న. ఎందుకున్ననంటె, నాకు పోనీకి వేరే జాగ లేకుండె.

"ఇది నీ మొహం సంపాదించింది అక్కా" అన్నది రజియా.

యాదమ్మ డబ్బా తెరిచి చూసింది. "నా మొహం బాడుగ గింతేనా?"

ఇద్దరు ఒకరినొకరు చూసుకోని పడి పడి నవ్విన్రు. నేను సుత నవ్వబోయిన. యాదమ్మ నా దిక్కు చూసింది, ఊకున్న.

రజియాకు ఎట్ల తిరిగియ్యాలె అని మాటొచ్చింది. పైసలొద్దు, పొద్దుగాల అర్ధ లీటర్ పాలు చాలన్నది. తక్కువ పడ్డది నేను కలిపిన. సంతల బర్రెను యాదమ్మే ఎంచింది. పండ్లు చూసింది, పొదుగు చూసింది, చెవిల ఏదో చెప్పింది. పోయిన మూడు ఇండ్లల్ల రెండు తిరిగొచ్చినయి. బర్రెకు సుజాత అని పేరు పెట్టింది. ఈ సంగతి మేడంకు తెల్వనియ్యొద్దనుకున్న, తెల్సిపోయింది.

"పాలు బాగా ఇస్తుందా?" అని అడిగింది మేడం.

"మస్తు ఇస్తది మేడం. కని తంతది."

"తన్నాలి" అన్నది.

తర్వాత ఆమెనే వెబ్‌సైటోళ్ళతోని ఆర్నెల్లు లొల్లి పెట్టుకోని, మొహం చూపియ్యనోళ్ళ కోసం వేరే దారి తెప్పించింది. ఇప్పుడు చేతుల ఫొటో, గొంతు రికార్డు ఉంటె నడుస్తది. కొత్తగ చేరినోళ్ళు ఇది ఎప్పటి సందో ఉన్న సౌలత్ అనుకుంటరు. దీని కింద ఒక బర్రె ఖర్చు ఉన్నది.

కొత్తోళ్ళకు

నేను రాసిన పేజీలు శాన ఉన్నయి. ఎవరి ఇల్లు బాగుపడ్డదో, ఎవరిది పడలేదో చూసిన. అప్పుతోని గరీబీ పోతదని మీటింగులల్ల చెప్తరు, నేను చెప్ప. ఒక సేటు చేతికెళ్ళి ఒకామె బయటపడుతది, ఒక ఇంటికి పాలు ఆగకుండ పోతయి, గంతే. గంత అయినా తక్కువేం కాదు.

కథ మంచిగుండాలని మీకు అనిపిస్తది. అనిపిస్తె తప్పు లేదు. కని మీరు కలిపిన ఉప్పుకు దాహం ఎవరికైతదో చూసి కలుపున్రి. మనకు కాదు అయ్యేది.

ఇగ ఒట్టు సంగతి

ఇంత దాక చదివినోళ్ళకు ఒకటి బాకీ ఉన్న.

యాదమ్మ తనంతట తనే "నా మొహం తీస్కో" అన్నదని రాసిన. అది నేను కల్పించింది. మొహం చూసి బర్రె పాలిస్తదన్న మాట ఆమెదే, కని వేరే ఎప్పుడో అన్నది. ఆ పొద్దు ఆమె పాలు పోసి పోతుంటె నేనే ఆపిన. ఆఫీసు క్యాలెండర్‌కు ఫొటో కావాలె, గాజుల ముంగట కూసో అక్కా అన్న. ఆమె కొంగు సదురుకోని, ముక్కుపుల్ల తుడుచుకోని, క్యాలెండర్ కోసం నవ్వింది. రజియాకు అబద్ధం చెప్పిన, యాదమ్మకు పేజీ చదివి వినిపియ్యలే. కొత్త సంవత్సరానికి క్యాలెండర్ ఏదని రెండుసార్లు అడిగింది. ప్రింటింగ్ లేటైందన్న.

రూల్ ఆమెకు తెల్సు. మేడం ఇప్పి చెప్పినప్పుడు నా పక్కనే కూసోని విన్నది. "తెల్వదు" అని ఒక్క మాట అంటె ఆమెకు మాఫీ, బర్రె వస్తది, నేను ఇంటికి పోత. నేను నోరు తెరవలే. బెంగళూరు పిల్ల అడిగినప్పుడు, మళ్ళ ఆలోచించుకో అన్నప్పుడు, రెండుసార్లు నాకు సందు దొరికింది. కంప్యూటర్ దిక్కు చూసుకుంట కూసున్న. యాదమ్మ నన్ను ఒక్కసారి చూసి, "నేనే తియ్యమన్న" అన్నది.

మెట్లు దిగేటప్పుడు అడిగింది. "అయితె క్యాలెండర్ లేదన్నట్టు గద తమ్మీ?"

"లేదక్కా."

"సరే" అని క్యాన్ ఈ చేతికెళ్ళి ఆ చేతికి మార్చుకున్నది.

పోయిన వారం పురానాపూల్ పోయి, ఇదంత రాస్తున్న, నీ గురించి ఏం రాయమంటవ్ అని అడిగిన. బర్రెకు నీళ్ళు పెట్టుకుంట చెప్పింది: "నువ్వు మోసం చేసినట్టు రాయకు. మోసపోయినామె అంటె ఎడ్డిదనుకుంటరు. నేనే ఇచ్చినట్టు రాయి, మంచిగుంటది."

అందుకని పైన ఆమె చెప్పిన తీరుగ రాసిన. ఇక్కడ జరిగిన తీరుగ రాసిన.